నూకరత్నం మూర

పుల్లేరుపాడు పాత బస్టాండు ఎదురుగా, మందుల దుకాణం మెట్ల పక్కన, పాతికేళ్ళుగా పూలమ్ముతున్న నూకరత్నానికి తన ఎడమ చెయ్యి ప్రభుత్వానికి సంబంధించిన వస్తువని మొన్న ఆషాఢమాసం దాకా తెలియదు. పాపం, ఆవిడ దాన్ని సొంత చెయ్యే అనుకుంటూ వచ్చింది. ఆ చేత్తోనే పూలు కొలిచేది, బుట్ట మీదికొచ్చే ఆవుని అదిలించేది, మధ్యాహ్నం మెట్ల మీద కునుకు తీసేటప్పుడు తలకింద పెట్టుకునేది. మోచేతికి కాస్త దిగువగా "వీర్రాజు" అని పచ్చబొట్టు ఉంటుంది. వీర్రాజు ఆవిడ మొగుడు. తెల్లారేలోగా లంక తోటలకు పోయి, సైకిలు మీద పూలబుట్ట తెచ్చి దించి, ఆ తర్వాత రోజంతా విశ్రాంతి తీసుకుంటాడు.

మూర కొలవడం ఆ ఊళ్ళో చూసి నేర్చుకునే విద్య. దండ కొస మోచేతికి ఆనించి మధ్యవేలి చివరిదాకా లాగితే ఒక మూర. ఎన్ని మూరలడిగితే అన్నిసార్లు లాగి, తెంపే ముందు ఇంకో నాలుగు వేళ్ళ పొడవు వదిలి, "ఇది కొసరండి" అని తెంపుతుంది నూకరత్నం. కొసరు ధరలో ఉండదు, బేరంలో ఉండదు. అయినా అది లేకుండా తెంపితే కొన్నవాళ్ళు అక్కణ్ణించి కదలరు.

"ఏమిటే రత్నం, నీ చెయ్యి రోజురోజుకీ పొట్టిదవుతోంది?" అంటారు ఆడవాళ్ళు.

"సెయ్యెక్కడికి పోద్దమ్మా, తమరి జడే పెరిగింది," అంటుంది నూకరత్నం. ఆ మాటకి లొంగని ఆడది పుల్లేరుపాట్లో ఇంతవరకూ పుట్టలేదు.

ఆ చైత్రంలో ఊరికి పరాంకుశరావు అనే కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆయనది వస్తు విక్రయ ప్రమాణాల నియంత్రణ విభాగం. అంత పేరు పలికే ఓపిక లేక జనం దాన్ని కొలతలాఫీసు అంటారు. పరాంకుశరావు నిప్పులాంటి మనిషి. లంచం ముట్టడు. ముట్టేవాడైతే ఈ కథ ఇక్కడే అయిపోయేది. రెండు నెలల్లో ఊళ్ళో ఉన్న ప్రతి తక్కెడకీ, ప్రతి పాలడబ్బాకీ, ప్రతి గుడ్డలకొట్టు గజంబద్దకీ ముద్ర వేయించాడు. మూడో నెల వచ్చేసరికి ముద్ర వెయ్యడానికి ఊళ్ళో ఏమీ మిగల్లేదు. ఆయనకి అన్నం సహించడం మానేసింది. ఒకరోజు ఇంట్లో బియ్యం కొలిచే గ్లాసుకి ముద్ర వేసి, భార్య చేత రసీదు మీద సంతకం పెట్టించుకున్నాడు.

ఆ భార్య పేరు హైమవతి. ఒక మధ్యాహ్నం వడ్డిస్తూ ఆవిడ మామూలుగా ఓ మాట అంది. "నూకరత్నం మూర నిండుగా ఉంటుందండీ. ఇవాళ ఇంకా రాలేదని చేపల సందు ఆవిడ దగ్గర కొన్నాను. పేరుకి రెండు మూరలు. జడకి ఇటు పెడితే అటు లేదు."

పరాంకుశరావు చేతిలో ముద్ద నోటిదాకా వచ్చి ఆగింది. "మూరకూ మూరకూ వ్యత్యాసం ఉన్నట్లు నీ వాంగ్మూలమా?"

"వాంగ్మూలం కాదు, చారు పోసుకోండి."

"గమనించడమైనది," అని ఆయన చారు పోసుకోకుండానే లేచిపోయాడు. చాలా రోజుల తర్వాత ఆయన ముఖంలో కళ కనిపించిందని హైమవతి సంతోషించింది కూడా.

సాయంత్రం నాలుగింటికి ఇన్‌స్పెక్టరు మందుల దుకాణం మెట్ల దగ్గర ప్రత్యక్షమయ్యాడు. వెనక గుమాస్తా కామేశం రిజిస్టరు మోసుకుంటూ వచ్చాడు. కామేశం బక్కపల్చటి మనిషి, ఇంకో రెండేళ్ళలో రిటైరవుతాడు. నియమాలన్నీ నంబర్లతో సహా నోటికొచ్చు, ఒక్కటి కూడా మనసుకి పట్టించుకోలేదు.

"విక్రయ నిమిత్తం వాడబడుచున్న కొలత సాధనాన్ని చూపించవలెను," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మల్లెలా బాబుగారూ, కనకాంబరాలా?" అంది నూకరత్నం.

"పూలు దేంతో కొలుస్తున్నావో చూపించమంటున్నారు," అన్నాడు కామేశం మెల్లిగా.

నూకరత్నం ఎడమ చెయ్యి చాపింది. ఇన్‌స్పెక్టరు దాన్ని చూసి, అటూ ఇటూ వెతికి, మళ్ళీ దాన్నే చూశాడు.

"ఇది చెయ్యి."

"అవునండి."

"నేనడిగినది సాధనం."

"మాకు ఇదేనండి."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆ చేతిని తిరగేసి బోర్లేసి పరిశీలించాడు. "తయారీదారు?"

"మా నాయన పేరాండి? కొండయ్యండి."

"తయారైన సంవత్సరం?"

"పెద్ద తుపానొచ్చిన యేడని మా యమ్మ అంటుండేదండి."

కామేశం రాసుకున్నాడు. ఇన్‌స్పెక్టరు చూపు పచ్చబొట్టు మీద పడింది. "ముద్ర ఉన్నది. వీర్రాజు. ఈ వీర్రాజు ఏ డివిజన్ ఇన్‌స్పెక్టరు?"

"మా ఆయనండి. ఇనస్పెట్టరు కాదండి. అదిగో, ఆ గోనెసంచి మీద పడుకున్నాడు."

ఇన్‌స్పెక్టరు గోనెసంచి వైపు ఒకసారి చూసి, "అనధికార వ్యక్తి వేసిన ముద్ర," అని రాయించాడు.

నూకరత్నానికి ఒళ్ళు మండింది. "పెళ్ళైన యేడు తిరణాల్లో పొడిపించుకున్నానండి. ఏడుస్తా పొడిపించుకున్నాను. అనదికారం ఎలాగవుద్దండి?" అంది. ఆ ప్రశ్నకి రిజిస్టరులో గడి లేదు.

రాష్ట్రమంతటా పూల వ్యాపారం ముద్రలేని సాధనాలతో నడుస్తోందని ఆ రాత్రే ప్రధాన కార్యాలయానికి నివేదిక వెళ్ళింది. పింఛను కాగితం కదలడానికి మూడేళ్ళు పట్టే ఆ కార్యాలయం నుంచి ఇరవయ్యో రోజుకల్లా పద్నాలుగు పేజీల మార్గదర్శకాలు వచ్చాయి. ఊళ్ళో పూలమ్మే తొమ్మిదిమంది ఆడవాళ్ళనీ ఆఫీసు వరండాలో కూర్చోబెట్టి కామేశం చదివి వినిపించాడు.

"మూర అనగా విక్రేత ఎడమ మోచేతి కొన మొదలుకొని మధ్యవేలి కొన వరకు గల సజీవ కొలత సాధనం. సదరు సాధనాన్ని ఏటేటా పరీక్షింపజేసి ముద్ర వేయించుకొనవలెను. గోరు పెరుగుట వలన కొలతలో తేడా రాగలదు గావున, ప్రతి సోమవారం ఇన్‌స్పెక్టరు సమక్షమున గోళ్ళు తీసుకొనవలెను. వ్యాపార వేళల్లో సదరు సాధనంతో తల గోకుకొనుట, ఈగలు తోలుట, పశువులను అదిలించుట నిషేధం. ఒకరి సాధనాన్ని వేరొకరు ఎరువు తీసుకొనరాదు. ఎండకు సాధనం సాగే అవకాశం కలదు గావున నీడన ఉంచవలెను."

"మమ్మల్నాండి?" అని చేపల సందు ఆవిడ ఆశగా అడిగింది.

"సాధనాన్ని మాత్రమే," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

మర్నాడు ప్రామాణిక మూర వచ్చింది. గడ్డి కుక్కిన చెక్కపెట్టెలో పడుకోబెట్టిన టేకు మోచెయ్యి అది. ప్రధాన కార్యాలయంలో అప్పుడున్న పెద్ద అధికారి చేతిని చూసి చెక్కించారట. ఆయనకి బదిలీ అయితే రాష్ట్రంలో మూర మారుతుందా అని కామేశం రాసి పంపితే, విషయం పరిశీలనలో ఉన్నదని జవాబొచ్చింది. పెట్టె తీసి చూస్తే చెయ్యి నున్నగా, అందంగా ఉంది. మధ్యవేలు మాత్రం సగానికి లేదు.

"దార్లో విరిగినట్టుందండీ," అన్నాడు కామేశం.

"విరిగినట్లు చీటీలో లేదు. 'ఒకటి, మంచి స్థితిలో' అని ఉన్నది. అందినట్లు సంతకం కూడా చేయడమైనది. కావున ఇదే మంచి స్థితి."

పరీక్ష శ్రావణ మంగళవారం నాడు పెట్టారు. ముందు రత్నానికేమవుద్దో చూద్దామని మిగతా ఎనిమిదిమందీ వీధి చివరే నిలబడిపోయారు. నూకరత్నం ఒక్కతే లోపలికి వెళ్ళింది. త్వరగా ముద్ర వేయించుకుని పోవాలని ఆవిడ తొందర. శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. ఆ ఒక్క పూట అమ్మే పూలు మామూలు రోజుల్లో రెండు నెలలకి గానీ అమ్ముడవవు. లంక తోటల వాళ్ళతో మాట అయిపోయింది. నలభై ఇళ్ళవాళ్ళు "రత్నం ఉందిగా" అని ధీమాగా ఉన్నారు. ఆ శుక్రవారం తప్పితే ఆవిడకి ఏడాదంతా తప్పినట్టే.

ఇన్‌స్పెక్టరు టేకు చేతినీ నూకరత్నం చేతినీ బల్ల మీద పక్కపక్కన పడుకోబెట్టాడు. మోచేతులు కలిపి, వేళ్ళ వైపు వంగి చూశాడు.

"రెండంగుళాలు అధికం."

"దానికి ఏలు లేదు కదండి."

"ఉన్నంతవరకే ప్రమాణం."

"పోనీ ఎక్కువే అనుకోండి బాబుగారూ. ఎక్కువిత్తే తప్పేంటండి?"

"తక్కువ ఇచ్చినచో కొనుగోలుదారు నష్టపడును. ఎక్కువ ఇచ్చినచో నియమం నష్టపడును," అన్నాడు పరాంకుశరావు. ఆ వాక్యం ఆయనకే నచ్చింది. కామేశాన్ని రాసుకోమన్నాడు. "సాధనాన్ని సరిచేయించుకుని రావలెను."

"ఎక్కడండి? వడ్రంగి దగ్గరా?"

కామేశం పేజీలు తిప్పి, గొంతు సవరించుకుని, మధ్యవేలిని సగానికి మడిచి రాగితీగతో కట్టి సీసపు ముద్ర వేస్తే సరిపోతుందని ఉందన్నాడు. చదువుతున్నంతసేపూ ఆవిడ వంక చూడలేదు.

నూకరత్నం చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఏలు ముడుసుకుని పూలెలా కట్టాలండి? నా మూర నిండు మూరని పాతికేళ్ళ పేరండి ఈ ఊళ్ళో. వ్రతం నాడు అమ్మగార్లకి బోడి మూర కొలిచి ఇవ్వమంటారా? సచ్చినా ఇవ్వను."

"అట్లయినచో సాధనం జప్తు చేయడమైనది," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

కామేశం రసీదు రాసి చదివాడు. "ఎడమ మోచెయ్యి, ఒకటి. వాడకంలో ఉన్నది. అనధికార ముద్ర కలదు. అనుబంధ వస్తువులు: దానికి తగిలించి ఉన్న స్త్రీ, ఒకరు."

"అనుబంధం ఇంటికి వెళ్ళవచ్చు. సాధనం మాత్రం స్టోరులో ఉండవలెను," అన్నాడు ఇన్‌స్పెక్టరు ఎంతో మర్యాదగా.

"నేనెల్తే అదీ వత్తాదండి."

ఈ చిక్కు మార్గదర్శకాలు రాసినవాళ్ళకి తట్టలేదు. కామేశం ఆలోచించి ఒక దారి చెప్పాడు. సాయంత్రం స్టోరుకి తాళం వెయ్యాలి. లోపల మనిషిని పెట్టి తాళం వేస్తే అది పోలీసుల వ్యవహారం అవుతుంది. కనక రోజూ అయిదింటికి చెయ్యిని పూచీకత్తు మీద ఇంటికి పంపి, పొద్దున్న పదింటికి తిరిగి హాజరుపరచాలి. మణికట్టుకి ఎర్రదారం కట్టి లక్క వేస్తారు. ఆ చేత్తో ఈలోగా ఏదీ కొలవకూడదు, ఏ పనీ చెయ్యకూడదు. ఇంటికెళ్ళాక వీర్రాజు ఆ లక్కని చూసి, "ఇదెంత కాలం ఉంటాది?" అని అడిగాడు. పాతికేళ్ళలో మొదటిసారి ఆ సాయంత్రం పొయ్యి ఆయనే వెలిగించాల్సి వచ్చింది. ఈ నియంత్రణ విభాగం ఎంత ప్రమాదకరమైనదో ఆయనకి అప్పుడు తెలిసింది.

బుధవారం నూకరత్నం స్టోరులో తుప్పు పట్టిన తక్కెడల మధ్య బల్ల మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. జప్తు వస్తువుల బాగోగులు విభాగమే చూడాలి. అందుకని కామేశం పొద్దున్న నాలుగిడ్లీలు తెప్పించి, "సాధన నిర్వహణ" అని రాసుకున్నాడు. చెయ్యికి రెండు, అనుబంధానికి రెండు.

ఊరికే కూర్చోవడం ఆవిడ వల్ల కాలేదు. కుడిచేత్తో చీపురు పట్టి స్టోరు ఊడవడం మొదలెట్టింది. చెక్కపెట్టెలో గడ్డి దులుపుతుంటే టక్కున ఏదో కిందపడింది. చూస్తే టేకు వేలు. నున్నటి గోరుతో సహా, సగం వేలు.

ఆవిడ దాన్ని పట్టుకుని ఇన్‌స్పెక్టరు గదికి పరుగెత్తింది. ఎడమ చెయ్యి కూడా వెంట రావడంతో జప్తు వస్తువు అనుమతి లేకుండా స్టోరు దాటిందని ముందు దానికో మెమో రాశారు. తర్వాత కామేశం విరిగిన చోట వేలు ఆనించి పట్టుకున్నాడు. నూకరత్నం చెయ్యి పక్కన పెట్టింది. కొసకి కొస అతికినట్టు సరిపోయింది. టేకు చేతికీ ఆవిడ చేతికీ వెంట్రుకంత తేడా లేదు.

"సూశారాండి," అంది నూకరత్నం. పాతికేళ్ళుగా ఆవిడ ఉజ్జాయింపుగా లాగుతూ వచ్చిన మూర, ప్రభుత్వం వారి మూర, ఒకటే.

పరాంకుశరావు ఆ వేలిని చాలాసేపు చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఒక్క క్షణం ఆయన పెదవులు కదిలాయి కూడా. కానీ చెయ్యి అలవాటుగా రిజిస్టరు తెరిచింది.

"అందిన వస్తువు: మూర, ఒకటి. వేలు అందినట్లు నమోదు లేదు. కావున ఇది ఎవరి వేలో తెలియరాదు. యజమాని లేని వేలుగా పరిగణించి విడిగా భద్రపరచవలెను."

కామేశం వేలికి చీటీ కట్టి వేరే డబ్బాలో పెట్టాడు.

గురువారం మధ్యాహ్నం వీర్రాజు ఆరు బుట్టల పూలు తెచ్చి ఆఫీసు వరండాలో దించాడు. లంకవాళ్ళు మాట ప్రకారం కోసి పంపేశారు. మల్లెలు, కనకాంబరాలు, చామంతులు, మరువం. ఆఫీసంతా పెళ్ళివాసన కొట్టింది. బుట్టల్ని చూసి నూకరత్నం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పూలు కట్టాలంటే ఎడమ చెయ్యి కావాలి. కట్టినా కొలవాలంటే ఎడమ చెయ్యి కావాలి. రేపు సాయంత్రానికి ఆరు బుట్టలూ వాడిపోతాయి. ఇక ఏ తోటవాడూ ఆవిడకి పూలివ్వడు.

ఇన్‌స్పెక్టరు తనిఖీ మీద పొరుగూరు వెళ్ళాడు. కామేశం తలుపు దగ్గరగా వేసి వచ్చి ఆవిడకి ఎడమపక్క కూర్చున్నాడు.

"మీ ఆవిడకి ఏం సెప్పుకోనండి కామేశం గారూ? పది మూరలు కావాలంది."

"దారం ఇటివ్వు. నా చెయ్యి జప్తులో లేదు," అన్నాడాయన.

ఆవిడ కుడిచెయ్యి, ఆయన ఎడమచెయ్యి కలిసి పూలు కట్టాయి. మొదటి దండ చీమలబారులా వంకరగా వచ్చింది. మూడో దండకి ఆయన వేళ్ళు ఒడుపు పట్టాయి. ముప్ఫై అయిదేళ్ళ సర్వీసులో తను చేసిన పనికి వాసన రావడం ఇదే మొదటిసారి అన్నాడు. వీర్రాజు కూడా నిద్ర లేచి పూలు విడదీశాడంటే పరిస్థితి ఎంత విషమంగా ఉందో అర్థం చేసుకోవచ్చు.

"కట్టాం బాగానే ఉంది. కొలవకుండా ఎలా అమ్ముతానండి? కొసరెంతో కూడా తెలవదు," అంది నూకరత్నం.

కామేశం చెయ్యి ఆగిపోయింది. లేచి మార్గదర్శకాలు తెచ్చాడు. పద్నాలుగు పేజీలు ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి చదివాడు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"రత్నం, ఇందులో కొసరు లేదు."

"లేకపోతే?"

"లేకపోతే, దాన్ని ఎవరూ ఆపలేరు."

శుక్రవారం తెల్లారేసరికి నూకరత్నం మందుల దుకాణం మెట్ల దగ్గర ఉంది. ఎర్రదారం, లక్క ఉన్న చెయ్యిని ఒళ్ళో పెట్టుకుని, పైన తువ్వాలు కప్పింది. మొదటి బేరం వచ్చింది.

"నాలుగు మూరలియ్యి రత్నం."

"మూరల్లేవమ్మా. కొసరుంది."

"దేనిమీద కొసరు?"

"దేనిమీదా లేదమ్మా. ఉత్త కొసరే. తమరికెంత కావాలో అంత."

కొన్నావిడ ఓ క్షణం తికమకపడి, జడ ముందుకి వేసుకుని చూపించింది. నూకరత్నం జడని చూసి, ఆవిడ ముఖం చూసి, కుడిచేత్తో దండ లాగింది, పళ్ళతో తెంపింది. అది నాలుగు మూరలకి తక్కువ లేదు. కొన్నావిడ ఎప్పుడూ ఇచ్చే డబ్బే ఇష్టంగా రత్నం చేతిలో పెట్టి వెళ్ళింది. కబురు వీధి వీధికీ పాకింది. ఏడయ్యేసరికి మెట్ల ముందు జనం. చేపల సందు ఆవిడతో సహా మిగతా ఎనిమిదిమందీ వచ్చి పక్కనే బుట్టలు దించి కొసరు ఇవ్వడం మొదలెట్టారు.

ఎనిమిదింటికి పరాంకుశరావు వచ్చాడు. కామేశం ఎప్పట్లాగే వెనక ఉన్నాడు. చేతికి మరువం వాసన వస్తుందేమోనని జేబులో పెట్టుకున్నాడు.

"ఇచ్చట మూరల విక్రయం జరుగుచున్నదని తెలియవచ్చినది."

"ఒక్క మూర అమ్మితే ఒట్టండి," అంది నూకరత్నం.

"మరి ఇవి?"

"కొసరండి."

"ఎన్ని మూరలపై కొసరు?"

"సున్నా మూరల మీదండి."

ఇన్‌స్పెక్టరు కామేశం వైపు తిరిగాడు. కామేశం నేలచూపులు చూస్తూ, "కొసరు నిర్వచించబడలేదండి. సున్నా మూరలు కొలవడానికి సాధనం అక్కర్లేదండి," అన్నాడు.

ఆయన ఏదో అనబోయేలోగా జనంలోంచి హైమవతి బయటికొచ్చింది. జడనిండా మల్లెలు, చేతిలో అమ్మవారి దండ. "మీరిక్కడున్నారా? ఇంటికి పదండి, కలశం పెట్టాలి. ఇంకా గమనించాల్సింది ఉంటే వ్రతం అయ్యాక గమనిద్దురుగాని."

పరాంకుశరావు భార్య జడ వైపు చూశాడు. ఇటు పెడితే అటు కూడా ఉంది. ఆయన ఆవిడ వెనకే ఇంటిదారి పట్టాడు. చెయ్యి హాజరుపరచాల్సిన పదింటిలోగానే ఆరు బుట్టలూ ఖాళీ అయ్యాయి. నూకరత్నం ఖాళీ బుట్టలు బోర్లించి, వాటిమీద తల ఆనించి కాసేపు హాయిగా ఏడ్చింది.

సోమవారం ప్రధాన కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. జప్తు సాధనాలకు ఇడ్లీలు పెట్టుటకు నిధులు లేవు గావున సదరు మోచేతిని యజమానికి అప్పగించి, కొలతలకు వాడబోనని హామీ తీసుకొనవలెను. నూకరత్నం సంతోషంగా వేలిముద్ర వేసింది. ఆ రోజునుంచీ పుల్లేరుపాట్లో మూర అన్న మాటే వినపడలేదు. అందరూ కొసరే అడిగేవారు, అందరూ కొసరే ఇచ్చేవారు. ఎవరికీ తక్కువైందన్న పేచీ లేదు. చేపల సందు ఆవిడ చెయ్యి కూడా ఎందుకో పెద్దదైంది.

పరాంకుశరావు నెలవారీ నివేదికలో మూరల దగ్గర "లేవు" అని రాశాడు. ఊళ్ళో ఉన్న మూరలు ఎటు పోయాయో సంజాయిషీ ఇమ్మని పైనుంచి తాఖీదు. ఆయన జరిగిందంతా రాసి పంపాడు. కార్తీకం వచ్చేసరికి ఇరవై రెండు పేజీల కొత్త మార్గదర్శకాలు దిగాయి.

ఆ సాయంత్రం ఆయన మళ్ళీ మెట్ల దగ్గర నిలబడ్డాడు. కామేశం చదివాడు. "కొసరు అనగా కొలత పూర్తయిన పిదప గానీ, కొలత లేకుండగానే గానీ, విక్రేత తన మనస్సు మేరకు ఇచ్చు సరుకు. కావున కొసరుకు కొలత సాధనం విక్రేత మనస్సు. సదరు మనస్సును పరీక్ష నిమిత్తం పదిహేను రోజులలోగా కార్యాలయమున హాజరుపరచవలెను."

నూకరత్నం పూలు కడుతూనే విన్నది. చెయ్యి పోయి వచ్చిన మనిషి కనక ఈసారి కంగారు పడలేదు.

"తెత్తానండి. దేంతో సరిసూత్తారు బాబుగారూ? పైనుంచి సెక్కదేవైనా వచ్చిందా?"

"ప్రామాణిక మనస్సు త్వరలో పంపబడును," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "అంతవరకు స్థానిక ఇన్‌స్పెక్టరు మనస్సునే ప్రమాణంగా వాడుకొనవలెనని ఆదేశం. కామేశం, రిజిస్టరులో చూసి నంబరు వేయండి."

కామేశం రిజిస్టరు తీశాడు. అందిన వస్తువుల పేజీ మొదటినుంచి చివరిదాకా వేలు పెట్టి చూశాడు. మళ్ళీ చూశాడు. పక్క పేజీ కూడా తిప్పి చూశాడు.

"ఏమైంది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"తమకి ఆ వస్తువు ఉన్నట్టు ఎక్కడా నమోదు లేదండి," అన్నాడు కామేశం వినయంగా.

పరాంకుశరావు రిజిస్టరు అందుకుని తనే చూశాడు. తుపానులో పోయిన తూకపురాళ్ళున్నాయి, తుప్పు పట్టిన తక్కెడలున్నాయి, యజమాని లేని వేలొకటి ఉంది. ఆయన ఆ పేజీ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నమోదు లేనిది లేనట్టే. ఆ నియమం ఆయనకి అందరికంటే బాగా తెలుసు.

నూకరత్నానికి ఆయన్ని చూస్తే ఎందుకో జాలేసింది. పచ్చబొట్టున్న చేత్తో ఆవుని ఒకసారి అదిలించి, కుడిచేత్తో కనకాంబరాల దండ లాగి తెంపి, ఆకులో చుట్టి ఆయన చేతిలో పెట్టింది.

"అమ్మగారికియ్యండి."

ఆయన జేబులోంచి డబ్బు తియ్యబోయాడు.

"వద్దండి. కొసరు."

పరాంకుశరావు పొట్లం తీసుకున్నాడు. కామేశం రసీదు పుస్తకం తెరిచి, కలం పట్టుకుని ఆయన కోసం చాలాసేపు ఎదురుచూశాడు. ఆయన సంతకం పెట్టకుండానే ఇంటివైపు నడిచాడు.